విశ్వవిద్యాలయాలలో సి.ఆర్.ఎం. వ్యవస్థలు: విద్యార్థి 'కస్టమర్' అయినప్పుడు

వ్యాపార సంస్థల అమ్మకాల విభాగాలలో రూపుదిద్దుకొన్న కస్టమర్ రిలేషన్‌షిప్ మేనేజ్‌మెంట్ (సంక్షిప్తంగా సి.ఆర్.ఎం.) నేడు ఉన్నత విద్యాసంస్థలలోకి ప్రవేశించింది. ఒక వ్యక్తి సంస్థను తొలిసారి సంప్రదించిన నాటి నుండి జరిగిన ప్రతి ఫోన్ సంభాషణను, ఈమెయిలును, సందేశాన్ని ఒకేచోట నమోదు చేయడం ఈ సాఫ్ట్‌వేర్ పని. పరీక్షల విభాగపు డేటాబేసులో మార్కులు ఉంటాయి. విద్యార్థి ఏమి అడిగాడు, ఎవరు బదులిచ్చారు, అసలు బదులిచ్చారా లేదా అన్నది ఇందులో ఉంటుంది.

ఈ సందర్భంలో అమెరికాలోని అట్లాంటా నగరంలో గల జార్జియా స్టేట్ విశ్వవిద్యాలయం అనుభవం పరిశీలించదగినది. అక్కడ 2012 నుండి ప్రతి విద్యార్థి ప్రగతిని 800కు పైగా సూచికల ఆధారంగా దినదినమూ గమనిస్తున్నారు. కీలకమైన కోర్సులో తక్కువ గ్రేడు వస్తే సలహాదారుకు హెచ్చరిక అందుతుంది. 2016లో 'పౌన్స్' అనే చాట్‌బాట్‌ను ప్రవేశపెట్టారు. సీటు ఖరారు చేసుకొని కూడా తరగతులకు రానివారి సంఖ్య ఆ వేసవిలోనే సుమారు ఐదోవంతు తగ్గింది. వారిని ఆపుతున్నవి పెద్ద కారణాలేమీ కావు. ఆర్థిక సహాయపు దరఖాస్తు, టీకా ధ్రువపత్రం వంటి చిన్న చిక్కులే. అయితే ఈ కథనంలో తరచు విస్మరింపబడే అంశం ఒకటుంది. ఆ సంస్థ సాఫ్ట్‌వేర్‌తో పాటు 40 మందికి పైగా సలహాదారులను కొత్తగా నియమించింది. అంతకుముందు 700 మందికి పైగా విద్యార్థులకు ఒక సలహాదారు ఉండగా, తరువాత సుమారు 300 మందికి ఒకరయ్యారు. హెచ్చరిక పంపేది యంత్రమే, కాని దాన్ని అందుకొని విద్యార్థిని పిలిచి మాట్లాడేది మనిషి.

మన దేశంలోని పలు ప్రైవేటు సంస్థలు ఈ వ్యవస్థను ప్రధానంగా ప్రవేశాల వేటకే వినియోగిస్తున్నాయి. అమ్మకాల పరిభాషలో విచారణ చేసిన ప్రతి వ్యక్తీ ఒక 'లీడ్'. ఫీజు చెల్లించేవరకు ఫోన్ల మీద ఫోన్లు వస్తాయి, ఆ తరువాత మౌనం. 'విద్యార్థి' అన్న మాటలో విద్యను అర్థించేవాడన్న భావం ఉంది. 'కస్టమర్'కు ఆ అర్థింపు లేదు, కొనుగోలుతో సంబంధం ముగుస్తుంది. ఇది కేవలం పదాల పట్టింపు కాదు. వ్యవస్థలో ఏ గడులు ఉండాలో, ఏ గడి నిండితే పని పూర్తయినట్లో ఆ పదమే నిర్ణయిస్తున్నది.

ప్రభుత్వ విశ్వవిద్యాలయాల అవసరం వేరు. తెలంగాణలో సాధారణ డిగ్రీ ప్రవేశాలు 2016 నుండి 'దోస్త్' ద్వారా ఆన్‌లైన్‌లో జరుగుతున్నాయి కనుక, ఆ కోర్సులకు 'లీడ్ల' వెంట పడవలసిన పని అంతగా లేదు. అసలు ఇబ్బంది చేరిన తరువాతే: బోనఫైడ్, స్కాలర్‌షిప్, హాల్‌టికెట్, మెమోలో పేరు సవరణ. ఒక్క కాగితం కోసం పల్లె నుండి మూడుసార్లు బస్సెక్కి వచ్చే విద్యార్థికి తన అర్జీ ఏ బల్ల మీద ఉందో తెలియడమే గొప్ప మేలు.

సమాచార గోప్యత మరొక ప్రశ్న. ఇంటర్మీడియట్ ముగించి ప్రవేశం కోరేవారిలో అనేకులు 17 ఏళ్లవారు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివారిని బాలలుగా పరిగణిస్తుంది. వారి సమాచారం వాడేందుకు, కొన్ని మినహాయింపులు తప్ప, తల్లిదండ్రుల ధ్రువీకృత సమ్మతి కావాలి. ఆ సమ్మతి పత్రం ఆంగ్లంలో మాత్రమే ఉంటే, తెలుగు మాత్రమే చదవగల తల్లి దేనికి సంతకం చేసినట్లు? రాజ్యాంగపు ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలోనైనా సమాచారం పొందే వెసులుబాటును ఆ చట్టమే కల్పిస్తున్నది. కాబట్టి సాఫ్ట్‌వేర్ కొనుగోలు టెండరులోనే తెలుగు సందేశాలు, తెలుగు సమ్మతి పత్రం, అర్జీ అందిన తేదీ పక్కన బదులిచ్చిన తేదీ నమోదయ్యే గడి తప్పనిసరి షరతులుగా చేర్చవలసి ఉంటుంది.