ఎనిమిదో సర్వరు... కొంప ముంచింది!

ఒక్క మీట నొక్కితే చాలు, వందల సర్వర్లు వాటంతటవే సిద్ధమైపోతాయి. అదే చేత్తో చేస్తే..? అమెరికాలో ఓ సంస్థకు ముప్పావుగంటలో తెలిసొచ్చింది!

2012 ఆగస్టు 1. అమెరికా స్టాక్ మార్కెట్ మొదలవగానే నైట్ క్యాపిటల్ అనే సంస్థ కంప్యూటర్లు ఎవరూ అడక్కుండానే షేర్లు కొనేస్తున్నాయి, అమ్మేస్తున్నాయి. 45 నిమిషాల్లో 40 లక్షల లావాదేవీలు. ఆపేసరికి నష్టం 46 కోట్ల డాలర్లు దాటింది!

ఏం జరిగిందంటే... ఆ పనిచేసే సర్వర్లు ఎనిమిది. కొత్త సాఫ్ట్‌వేర్‌ని ఏడింటిలో వేసి, ఎనిమిదోదాన్ని వదిలేశారు. సరిచూసే రెండో మనిషి లేరు. 2003లోనే పక్కనపెట్టిన పాత ప్రోగ్రాము అందులో ఇంకా ఉంది. కొత్తదానికి పెట్టిన సంకేతంతో అది కాస్తా నిద్రలేచింది. మరుసటేడాదే ఆ సంస్థ మరోదాంట్లో కలిసిపోయింది.

ఖాళీ పెట్టెకు ప్రాణం

ఎనిమిదింటికే ఇలా ఉంటే, వేల సర్వర్లున్న డేటా సెంటర్ల సంగతి? అందుకే ఆ పనిని యంత్రాలకే అప్పగిస్తున్నారు. ముందు ఏ సర్వరు ఏ పని చేయాలి, పేరేంటి, చిరునామా ఏంటి అన్న జాబితా సిద్ధం చేసుకుంటారు. కొత్త సర్వరుకి కరెంటిచ్చి నెట్‌వర్క్ తీగ తగిలిస్తే అది 'నేనొచ్చాను, నా చిరునామా ఏంటి?' అని కేకేస్తుంది. నెట్‌వర్క్‌లోని మరో సర్వరు చిరునామా ఇచ్చి, ప్రోగ్రాము ఎక్కడ దొరుకుతుందో చెబుతుంది. ఈ పద్ధతే పీఎక్స్ఈ. భాషేంటి, డిస్కునెలా విభజించాలి అని ఇన్‌స్టలేషన్‌లో అడిగే ప్రశ్నలకు జవాబులు ముందే ఓ ఫైల్లో రాసి ఉంటాయి. సీడీ అక్కర్లేదు, మనిషి పక్కనుండక్కర్లేదు.

ఆ తర్వాత పాపెట్, ఆన్సిబుల్ లాంటివి రంగంలోకి దిగుతాయి. వాటికి 'ఇది చెయ్, అది చెయ్' అని కాకుండా 'సర్వరు ఇలా ఉండాలి' అని రాసిస్తారు. మనింటి ట్యాంకులో ఫ్లోటు వాల్వు లాగా అన్నమాట. నీళ్లు తగ్గితేనే తెరుచుకుంటుంది, నిండితే ఊరుకుంటుంది. ఇవీ అంతే, తేడా ఉన్నచోటే సరిచేస్తాయి. ఓస్లోలో మార్క్ బర్జెస్ 1993లో మొదలెట్టిన సీఎఫ్ఇంజిన్ ఈ దారిలో తొలి అడుగుల్లో ఒకటి.

వేగమూ ముప్పే!

అయితే మంచి ఎంత త్వరగా పాకుతుందో, తప్పూ అంతే. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ పంపిన ఓ లోపభూయిష్టమైన అప్‌డేట్‌తో ప్రపంచవ్యాప్తంగా 85 లక్షల విండోస్ కంప్యూటర్లు మొరాయించాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసివ్వాల్సొచ్చింది. ఎన్నో కంప్యూటర్లను ఒక్కోదాని దగ్గరికీ మనిషి వెళ్లి బాగుచేయాల్సొచ్చింది.

అందుకే అనుభవజ్ఞులు ముందు ఒకట్రెండు సర్వర్లలో వేసి చూస్తారు. బాగుంటే పదింటికి, ఆపైన అన్నింటికీ. తేడా కొడితే వెంటనే పాతదానికి మళ్లే దారీ ఉంచుకుంటారు. అన్నం ఉడికిందో లేదో మెతుకు పట్టి చూసే అమ్మకి ఈ సూత్రం ఎప్పట్నుంచో తెలుసు!