వేసవిలో పెళుసు, వానలో బూజు
ఖరగ్‌పూర్‌లో చుట్టకు గాలి గండం

ఖరగ్‌పూర్: ఏప్రిల్, మే మాసాలలో వేలు తగిలితే పెటపెటమని చిట్లే చుట్ట, శ్రావణం వచ్చేసరికి బూజు పట్టి పారవేయవలసిన సరుకు అవుతుంది. పశ్చిమ బెంగాల్‌లోని ఈ రైల్వే పట్టణపు వాతావరణం చుట్టకు పెట్టే పరీక్ష ఇది. సిగరెట్టు పెట్టెకు లోపల తళతళలాడే రేకు, పైన పలుచని పారదర్శకపు పొర రక్షణగా ఉంటాయి. చేతితో చుట్టి, కట్టలుగా కట్టి, విడివిడిగా అమ్మే చుట్టకు అటువంటి కవచమేదీ లేదు. గాలి ఎట్లుంటే చుట్ట అట్లుంటుంది. పాడైన సరుకును వెనక్కి తీసుకునే కంపెనీ ఉండదు కనుక నష్టం చిల్లర వర్తకుని పెట్టుబడి మీదనే పడుతుంది.

బెంగాల్ నాగపూర్ రైల్వే ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో ఇక్కడ వర్క్‌షాపు నడపసాగిన నాటి నుంచి ఉత్తరాంధ్ర జిల్లాల కార్మికులు పెద్దసంఖ్యలో ఖరగ్‌పూర్‌కు తరలివచ్చిన సంగతి విదితమే. వారి సంతతి తరతరాలుగా ఇక్కడే స్థిరపడింది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా కల్పించడానికి ఖరగ్‌పూర్ తెలుగువారి సంఖ్యాబలమే ముఖ్య కారణం. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల శ్రామిక కుటుంబాలలో చుట్ట ఎంతగా పాతుకుపోయిన అలవాటో చెప్పనక్కరలేదు. వలస బండి ఎక్కిన మూటలలో బియ్యం, చింతపండుతో పాటు అదీ ప్రయాణించింది.

గోదావరి లంకలలో వరద తీసిన తరువాత ఒండ్రునేలలో పండే పొగాకు చుట్టకు పెట్టింది పేరు. ఆ ‘లంక’ అనే మాటే ఒక రకం చుట్టకు పేరై ఇంగ్లీషులోకి వెళ్లింది. కానన్ డాయిల్ 1890లో వెలువరించిన నవలలో షెర్లాక్ హోమ్స్, హంతకుడు కాల్చినది భారతదేశపు లంక చుట్ట అని తేలితే వెతుకులాట ఎంత సులువవుతుందో చెబుతాడు.

పొగాకు ఆకు ఎండిన తరువాత కూడా చుట్టూ ఉన్న గాలి నుంచి తేమను పీల్చుకుంటూ, గాలి పొడిబారినప్పుడు తిరిగి వదులుతూ ఉంటుంది. ఎండిన ఆకును పగటిపూట తాకితే నలిగి నుసి అవుతుంది. తెల్లవారుజామున మంచుకు మెత్తబడినప్పుడు రైతు దానిని పందిరి నుంచి దించడం ఇందువల్లనే. గాలిలో తేమ 65 నుంచి 70 శాతం వరకు ఉన్నప్పుడు చుట్టలోని ఆకు తన బరువులో దాదాపు ఎనిమిదో వంతు నీటిని నిలుపుకుంటుంది. అప్పుడది నిదానంగా, సమంగా కాలుతుంది. అంతకు బాగా తగ్గితే గబగబా మండి పొగ ఘాటెక్కుతుంది. మించితే పదేపదే ఆరిపోతుంది. తేమ 75 శాతం దాటి కొంతకాలం నిలిస్తే బూజు పట్టే ప్రమాదం మొదలవుతుంది.

విశాఖ తీరంలో సముద్రపు గాలి ఏడాది పొడుగునా చుట్టను మెత్తగానే ఉంచుతుంది. ఖరగ్‌పూర్ అట్లా కాదు. సముద్రానికి దూరంగా, ఎర్రటి కంకర నేలపై ఉన్న ఈ పట్టణంలో వేసవి మధ్యాహ్నాలు గాలిలోని చెమ్మను హరిస్తాయి. నైరుతి రుతుపవనాలు రాగానే పరిస్థితి తలకిందులవుతుంది.

చుట్టలను, సిగార్లను భద్రపరచడం గురించి వ్యాప్తిలో ఉన్న సలహాలు ఎక్కువగా చలిదేశాలవి. అక్కడ శీతకాలంలో గదులను వేడిచేయడం వల్ల గాలి పొడిబారుతుంది కనుక, సిగార్ల పెట్టెలో తడి స్పాంజి ఉంచమంటారు. ఆ సలహాను ఆషాఢంలో బెంగాల్‌లో పాటిస్తే బూజును కోరి పెంచినట్లే. వానాకాలంలో ఇక్కడ చుట్టకు కావలసింది నీరు కాదు, గాలి చొరబడని మూత. తేమ అదుపులో ఉన్న సరుకును వర్షాలకు ముందే బిగుతు మూత గల డబ్బాలలోకి మార్చి, మాటిమాటికి తెరవకుండా ఉంచడమే శ్రేయస్కరం. ఉష్ణదేశాలలో 70 కంటే 65 శాతానికి దగ్గరగా ఉంచడం మరింత క్షేమం.

డబ్బాలోని తేమను తెలిపే చిన్న మాపకాలు బజారులో దొరుకుతున్నప్పటికీ అవి చూపే అంకెను గుడ్డిగా నమ్మరాదు. వాటిని సరిచూసే ఉపాయం ప్రతి వంటింట్లోనూ ఉంది. సీసా మూతలో ఉప్పు పోసి, ముద్దగా అయ్యేటంత నీరు మాత్రమే కలిపి, మాపకంతో పాటు గాలి చొరబడని సంచిలో రోజంతా ఉంచితే ముల్లు 75 వద్ద నిలవాలి. తడి ఉప్పు తన చుట్టూ ఉన్న మూతపడిన గాలిని ఆ శాతం వద్దనే నిలుపుతుంది. ముల్లు 70 చూపితే మాపకం అయిదు తక్కువ చూపుతున్నదన్న మాట.

పూర్తిగా ఎండిన చుట్టను బాగుచేయడంలో జరిగే పొరపాటు తొందరపాటే. తడిగుడ్డలో చుట్టినా, నీరు చిలకరించినా పై ఆకు ముందుగా ఉబ్బుతుంది, మరకలు పడుతుంది. ఆ తరువాత లోపలి ఆకు ఉబ్బి లోపలి నుంచి నెట్టేసరికి పై ఆకు నిలువునా చీలుతుంది. సరైన పద్ధతి ఇది: చుట్టలను చిల్లులు పెట్టిన సంచిలో వేసి, దానిని మరో పెద్ద సంచిలోనో డబ్బాలోనో ఉంచి, పిండిన స్పాంజిని చుట్టలకు తగలకుండా ఒక మూల అమర్చాలి. మొదటి కొద్దిరోజులు మూత కొంచెం తెరచి ఉంచి, రెండు మూడు రోజులకొకసారి చుట్టలను తిప్పుతుండాలి. రెండు నుంచి నాలుగు వారాలు పట్టవచ్చు. మెత్తదనం తిరిగి వచ్చినా, ఆకు ఎండినప్పుడు ఆవిరైపోయిన సువాసన తైలాలు తిరిగి రావు. ఏళ్ల తరబడి ఎండిన సరుకు మీద ఈ శ్రమ దండగ.

ఫ్రిజ్‌లో పెడితే తాజాగా ఉంటాయన్నది మరో అపోహ. అక్కడి గాలి చాలా పొడిగా ఉంటుంది, పైగా చుట్ట కూరల వాసన పట్టుకుంటుంది. పెట్టె విషయానికి వస్తే పాశ్చాత్యులు మెచ్చే సెడార్‌కు దగ్గరి బంధువైన తూన్ కలప మన దేశంలోనే ఉంది. ఒకప్పుడు ఇక్కడ సిగార్ల పెట్టెలు దానితోనే చేసేవారు.

బూజుకు తోడు పురుగు. పొగాకు పురుగు గుడ్లు కంటికి ఆనవు. వేడిలో అవి పొదిగి, చుట్టకు సూదిమొన చిల్లులు పడినప్పుడే జాడ తెలుస్తుంది. అప్పటికి పక్క కట్టలకూ వ్యాపించి ఉండవచ్చు.

తేమ సరిగా ఉన్నంత మాత్రాన చుట్ట నిరపాయకరం కాదు. నిప్పు కొసను నోటిలో ఉంచి కాల్చే అడ్డపొగ వల్ల అంగిలికి క్యాన్సర్ సోకుతున్నదని శ్రీకాకుళం, విశాఖ జిల్లాలలో దశాబ్దాల కిందటి వైద్య పరిశోధనలే నిర్ధారించాయి. బాధితులలో స్త్రీలే అధికులు కావడం గమనార్హం. పొగాకు ప్యాకెట్ల ముఖభాగంలో 85 శాతం మేర హెచ్చరిక బొమ్మ ఉండాలన్న నిబంధన 2016 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చింది. ఒక్కొక్కటిగా కొనేవాని చేతికి మాత్రం ఆ బొమ్మ చేరదు.

ఇక బూజు పట్టిన చుట్టను గుడ్డతో తుడిచి, ఎండలో ఆరబెట్టి తిరిగి అమ్మజూపడం మరింత అన్యాయం. పైన కనిపించే తెలుపు పోయినా లోపలి ఆకులోకి దిగిన బూజు పోదు. ఆ కట్టను వేరుచేసి పారవేయడం, జ్యేష్ఠమాసం ముగిసేలోగా అమ్ముడుపోయేటంత సరుకే దింపుకోవడం తప్ప చిన్న వర్తకునికి వేరు దారి లేదు.