మూడు వాటాల నేల

ముంబై నడిబొడ్డున బట్టల మిల్లుల భూములు అమ్ముడైన తీరు చూస్తే, హైదరాబాద్ ఇప్పుడు ఏం అడగాలో తెలుస్తుంది

హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు లోపలి పాత పారిశ్రామికవాడలను ఇళ్లకు, ఆఫీసులకు మార్చుకోవచ్చంటూ 2025 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం ఒక విధానం తెచ్చింది. 9 వేల పైచిలుకు ఎకరాల వ్యవహారం. దాని మీద వాదప్రతివాదాలు సాగుతుండగానే మా సంపాదకులు ఒక ప్రశ్న చేతికిచ్చారు: నగరం మధ్యలో ఫ్యాక్టరీ నేల చేతులు మారితే చివరికి ఎవరికేం దక్కుతుంది? ఈ ప్రశ్నకు జవాబు ఊహించి రాయనక్కర్లేదు. పాతికేళ్ల కిందటే ఆ పని చేసిన ఊరు ముంబై. అక్కడి బట్టల మిల్లుల్లో మగ్గాల ముందు నిలబడ్డవాళ్లలో మన కరీంనగర్, నల్లగొండ, వరంగల్, పాలమూరు జిల్లాలవాళ్లూ ఉన్నారు.

పరేల్, లాల్‌బాగ్, వర్లీ, ప్రభాదేవి, బైకుల్లా, దాదర్. ఈ ప్రాంతమంతటినీ కలిపి గిరణ్‌గావ్ అనేవారు. 58 మిల్లులు, సుమారు 600 ఎకరాలు. నగరం సముద్రం మధ్య ఇరుక్కుపోయి గజం జాగా కోసం కొట్టుకుంటుంటే, దాని నట్టనడుమ ఇంత నేల ఒక్కసారిగా ఖాళీ కావడం మామూలు విషయం కాదు. పార్కులు, బడులు, కార్మికుల ఇళ్లు, కొత్త ఉద్యోగాలు అన్నిటికీ చోటుండేది. ఇవాళ అక్కడ అద్దాల మేడలున్నాయి, మాల్స్ ఉన్నాయి, ఇరుకు రోడ్ల మీద ట్రాఫిక్ ఉంది. ఇది ఎలా జరిగిందో చెప్పే కాగితాలు కుప్పలుగా ఉన్నాయి: కమిటీ నివేదికలు, వేలం వివరాలు, కోర్టు తీర్పులు. అన్నిటినీ పక్కకు నెట్టి నన్ను పట్టుకున్నది ఒక్కటే. ముంబై అభివృద్ధి నియంత్రణ నిబంధనల్లో 58వ నిబంధన. ఆ మేడల కథంతా ఆ ఒక్కదాంట్లోనే ఉంది.

పట్టికలో రాసిన న్యాయం

1991లో వచ్చిన ఆ నిబంధన సారాంశం సూటిగానే ఉంటుంది. మూతపడిన, నష్టాల్లో ఉన్న మిల్లు తన నేలను వేరే అవసరాలకు వాడుకోవచ్చు. అయితే నేల మూడు వాటాలు కావాలి. ఒక వాటా పార్కులు, ఆటస్థలాలు, ప్రజావసరాల కోసం మున్సిపల్ కార్పొరేషన్‌కు. రెండోది సామాన్యుల ఇళ్ల కోసం రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ మ్హాడాకు. మూడోది యజమానికి.

వాటాలు సరిగ్గా సమానం కూడా కావు. 5 హెక్టార్ల లోపు మిల్లయితే కార్పొరేషన్‌కు 33 శాతం, మ్హాడాకు 27 శాతం, యజమానికి 40 శాతం. 5 నుంచి 10 హెక్టార్ల మధ్య ఉంటే 33, 34, 33. 10 హెక్టార్లు దాటితే 33, 37, 30. అంటే నేల పెరిగేకొద్దీ యజమాని వాటా తగ్గుతుంది, సామాన్యుల ఇళ్ల వాటా పెరుగుతుంది. పెద్ద మిల్లుకు పెద్ద బాధ్యత. అమ్మగా వచ్చిన డబ్బు కూడా నేరుగా జేబులోకి పోకుండా ప్రత్యేక ఖాతాలో పడాలి. కార్మికుల బకాయిలు తీర్చడానికి, మిల్లును మళ్లీ నిలబెట్టడానికి అందులోంచే ఖర్చుపెట్టాలి.

ఆ పట్టికను ఎన్నిసార్లు చూసినా నాకు గౌరవమే కలుగుతుంది. ఎవరో గుమాస్తా, ఎవరో అధికారి కూర్చుని ఊరి పట్ల బాధ్యతతో వేసిన లెక్క అది. ఆ నేల యజమాని ఒక్కడి తెలివితోనో పెట్టుబడితోనో విలువైనది కాలేదు. రైలు మార్గం యజమాని వేయలేదు. మూడు షిఫ్టులూ కార్మికులు నడిపారు. నగరం దాని చుట్టూ పెరిగింది. అందుకే విలువలో వాటా కూడా ముగ్గురికీ ఉండాలన్న మాట ఆ అంకెల్లో ఉంది.

లోపం లేదని కాదు. పాత కట్టడాన్ని పడగొట్టి కొత్తగా కడితేనే వాటాలు పంచాలి. పడగొట్టకుండా లోపల మార్పులు చేసుకుంటే పంచాల్సిన పని లేదు. దాంతో చాలామంది యజమానులు షెడ్డును షెడ్డుగానే ఉంచి ఆఫీసులకు, దుకాణాలకు అద్దెకిచ్చారు. నేల కార్పొరేషన్‌కూ రాలేదు, మ్హాడాకూ రాలేదు. 1996లో వాస్తుశిల్పి చార్లెస్ కొరియా నాయకత్వంలోని కమిటీ ప్రభుత్వరంగ మిల్లుల భూములను విడివిడిగా కాక కలిపి చూడాలని, స్టేషన్ల చెంత జనం కోసం ఖాళీ స్థలాలు వదలాలని ప్రణాళిక ఇచ్చింది. దాన్ని అమలు చేయలేదు.

సవరణ చేసిన పని

2001 మార్చిలో 58వ నిబంధనను సవరించారు. మూడు వాటాల సూత్రం అలాగే ఉంది. పట్టిక అలాగే ఉంది. శాతాల్లో ఒక్క అంకె కూడా మారలేదు. మారింది ఒక్కటే: దేన్ని పంచాలి అన్నది. అప్పటిదాకా పంపకం మిల్లు మొత్తం నేల మీద. సవరణ తర్వాత ఖాళీగా ఉన్న స్థలం మీద, ఇంకా కట్టుకోవడానికి మిగిలిన అనుమతి విస్తీర్ణం (ఎఫ్‌ఎస్‌ఐ) మీద మాత్రమే. కట్టడాలున్న నేల లెక్కలోకి రాదు. ఆ కట్టడాలను రేపు పడగొట్టి నేల చదును చేసినా సరే, పంపకానికి అది ఖాళీ స్థలం కాదు. అంత కట్టుబడి విస్తీర్ణాన్నీ యజమాని తిరిగి కట్టుకోవచ్చు.

అన్నదమ్ములు ఆస్తి పంచుకునేటప్పుడు పెద్దవాడు ‘సమానంగానే పంచుదాం, కాకపోతే ఇల్లూ కొట్టాలూ నావి, పెరట్లో మిగిలిన జాగా పంచుదాం’ అన్నట్టుంది ఇది.

లెక్కేసి చూద్దాం. ఉదాహరణకు ఒక మిల్లుకు 15 ఎకరాలుందనుకోండి. అందులో 12 ఎకరాల్లో షెడ్లు, గోదాములు ఉన్నాయి, 3 ఎకరాలు ఖాళీ. పాత నిబంధన ప్రకారం కార్పొరేషన్‌కు దాదాపు 5 ఎకరాలు, మ్హాడాకు 5 ఎకరాలు, యజమానికి 5 ఎకరాలు. సవరణ తర్వాత పంపకం ఆ 3 ఎకరాలకే. పార్కుకు సుమారు ఒక ఎకరం, ఇళ్లకు ఒక ఎకరం, మిగతా 13 యజమానికి.

బట్టల మిల్లులో ఖాళీ స్థలం ఎందుకు తక్కువో నేతపని తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. మరమగ్గం బరువైనది, నడిచినంతసేపూ అదురుతుంది. అందుకే నేత షెడ్లను మేడ మీద కాకుండా నేల మీదే, ఎకరాలకు ఎకరాలు పరిచి కట్టారు. మన పద్మశాలీలు ముఖ్యంగా పనిచేసింది ఈ నేతఖాతాల్లోనే. వాళ్లు జీవితమంతా నిలబడి నేసిన షెడ్డు, 2001 తర్వాత సామాన్యుల ఇళ్లకు రావలసిన నేలను తగ్గించే లెక్క అయింది. ఈ విషయం దగ్గర నేను తటస్థంగా ఉండలేను. ఇది అన్యాయం.

సవరణకు ప్రభుత్వం చెప్పిన కారణం కూడా చెప్పాలి. పాత నిబంధన కింద యజమానులు ముందుకు రావడం లేదు, మిల్లులు మూతపడి ఉన్నాయి, కార్మికుల బకాయిలు పేరుకుపోయాయి, డబ్బు రావాలంటే ఆకర్షణ ఉండాలి అన్నది వాదన. అందులో నిజం ఉంది. బకాయిల కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసిన కుటుంబానికి పార్కు కన్నా చెక్కు ముఖ్యం. కానీ ఆకర్షణ పెంచడానికి వేరే దారులున్నాయి. పడగొట్టకుండా అద్దెకిచ్చుకునే సందును మూసేయవచ్చు. యజమాని శాతాన్ని నలుగురికీ తెలిసేలా కొంత పెంచవచ్చు. శాతాలను అలాగే ఉంచి, పంచాల్సిన నేలను తగ్గించడం మాత్రం సమాధానం కాదు. పట్టిక మారలేదు కనుక నష్టం వెంటనే జనం కంటబడలేదు.

ఒక పర్యావరణ సంస్థ బాంబే హైకోర్టుకు వెళ్లింది. 2005 అక్టోబరులో హైకోర్టు ప్రజల వైపు నిలిచింది: పడగొట్టాక ఏర్పడే ఖాళీ కూడా ఖాళీయే అంది. 2006 మార్చిలో సుప్రీంకోర్టు ఆ తీర్పును తోసిపుచ్చి 2001 సవరణను సమర్థించింది. అప్పటితో వాదన ముగిసింది, క్రేన్లు లేచాయి.

బాక్స్: ఐదు మిల్లులు, 2,020 కోట్లు

2005లో ప్రభుత్వరంగ సంస్థ నేషనల్ టెక్స్‌టైల్ కార్పొరేషన్ ముంబైలో అమ్మిన ఐదు మిల్లులివి.

• ముంబై టెక్స్‌టైల్ మిల్లు: 702 కోట్లు, డీఎల్‌ఎఫ్
• ఎల్ఫిన్‌స్టన్: సుమారు 442 కోట్లు, ఇండియాబుల్స్
• కోహినూర్ 3వ నంబరు: 421 కోట్లు, మాతోశ్రీ రియల్టర్స్, కోహినూర్ కూటమి
• జూపిటర్: 276 కోట్లు, ఇండియాబుల్స్
• అపోలో: 180 కోట్లు, లోధా

702 కోట్లకు పోయిన సుమారు 17 ఎకరాలను 2012లో డీఎల్‌ఎఫ్ దాదాపు 2,700 కోట్లకు లోధాకు అమ్మింది. ఏడేళ్లలో నాలుగింతలకు దగ్గర. 2023లో వర్లీలోని సుమారు 22 ఎకరాలను బాంబే డైయింగ్ 5,200 కోట్లకు జపాన్ సంస్థ సుమిటోమో అనుబంధ కంపెనీకి అమ్మడానికి ఒప్పుకుంది.

చరిత్ర, క్లుప్తంగా

1856లో తాడ్‌దేవ్‌లో కావస్‌జీ దావర్ మిల్లు ఉత్పత్తి మొదలుపెట్టింది. 1860లలో అమెరికా అంతర్యుద్ధం బొంబాయి పత్తి వ్యాపారానికి డబ్బు కురిపించింది, ఆ తర్వాత మిల్లులు పెరుగుతూ పోయాయి. 1974లో ఖాయిలాపడ్డ మిల్లులు జాతీయమయ్యాయి. 1982 జనవరి 18న కార్మిక నాయకుడు దత్తా సామంత్ నాయకత్వంలో సుమారు రెండున్నర లక్షల మంది సమ్మెకు దిగారు. ఆ సమ్మెను విరమించినట్టు ఎవరూ ప్రకటించలేదు. 1983లో కేంద్రం మరో 13 మిల్లులను చేతిలోకి తీసుకుంది. నేత పని ముంబై పొరుగున ఉన్న భీవండి మరమగ్గాలకు తరలిపోయింది, మిల్లుల్లో నేల ధర బట్ట ధరను మించిపోయింది. 1997 జనవరిలో సామంత్ హత్యకు గురయ్యాడు.

బాక్స్: తెలుగు గిరణ్‌గావ్

‘బొంబై పోయిండు’ అన్న మాట వినని ఊరు ఉత్తర తెలంగాణలోనూ పాలమూరులోనూ అరుదు. నేతవాళ్లు మిల్లుల్లోకి, మట్టి పనివాళ్లయిన కామాఠీలు కట్టడాల మీదికి వెళ్లారు. కామాఠీపురా పేరు ఆ కామాఠీల మీదుగా వచ్చిందే. వర్లీ బీడీడీ చాల్స్‌లో 160 చదరపు అడుగుల గదుల్లో తెలుగు కుటుంబాలు తరాలు గడిపాయి. దాదర్‌లో ఆంధ్ర మహాసభ వెలిసింది, మున్సిపల్ కార్పొరేషన్ తెలుగు బడులు నడిపింది. సమ్మె తర్వాత కొందరు భీవండికి, కొందరు తిరిగి ఊళ్లకు వెళ్లారు.

నేల లేకపోతే ఏమవుతుంది

2017 సెప్టెంబరు 29. ఎల్ఫిన్‌స్టన్ రోడ్, పరేల్ స్టేషన్లను కలిపే ఇరుకు కాలివంతెన మీద తొక్కిసలాటలో 23 మంది చనిపోయారు. అదే ఏడాది డిసెంబరు 29న కమలా మిల్స్ ఆవరణలోని రెస్టారెంట్లలో మంటలు లేచి 14 మంది పోయారు. రెండూ పాత మిల్లుల ప్రాంతంలోనే. ఈ మరణాలకు 2001 సవరణే కారణమని నేను అనడం లేదు. వంతెన వెడల్పు రైల్వేల బాధ్యత, అగ్నిమాపక నిబంధనలు వేరే అధికారుల బాధ్యత. అయితే మిల్లు కార్మికుల కాలపు స్టేషన్లోకి వేలాది ఆఫీసు ఉద్యోగులను దించి, స్టేషన్ చుట్టూ విస్తరించడానికి నేల మిగల్చకపోవడం ఎవరో ఒకరు తీసుకున్న నిర్ణయమే. స్టేషన్ల దగ్గర జాగా వదలమని కొరియా కమిటీ అప్పటికి ఇరవై ఏళ్ల ముందే చెప్పింది.

ఇక ఇళ్లు. 1982 జనవరి 1 తర్వాత మిల్లుల్లో ఉద్యోగంలో ఉన్నవాళ్లు, వాళ్ల వారసులు మ్హాడా ఇళ్లకు అర్హులు. లక్షన్నరకు పైగా దరఖాస్తులొచ్చాయి. 2012 లాటరీలో 6,925 ఇళ్లు, 2020లో 3,894. ఒక్కో ఇల్లు 225 చదరపు అడుగులు. మిగిలినవాళ్లకు ఇప్పుడు శేలు, వాంగణి చూపిస్తున్నారు. అవి పరేల్ నుంచి లోకల్ రైల్లో సుమారు గంటన్నర దూరంలోని శివారు ఊళ్లు. 1991 పట్టిక ప్రకారం మిల్లు నేల మీదే రావలసిన ఇళ్ల వాటా ఇలా జిల్లా సరిహద్దు దాటింది. 1982లో పాతికేళ్లున్న కార్మికుడికి ఇప్పుడు దాదాపు డెబ్బై. లాటరీలో పేరు వచ్చేసరికి కొడుకో కోడలో తాళం చెవి అందుకుంటున్నారు.

బాక్స్: ఓరుగల్లులోనూ

1934లో నిజాం కాలంలో మొదలైన వరంగల్ అజంజాహి మిల్లు ఒకప్పుడు ఆ ఊరి గుండె. అదీ నేషనల్ టెక్స్‌టైల్ కార్పొరేషన్ చేతికి వచ్చి, నష్టాల్లో మూతపడింది. నేలలో చాలా భాగం ప్లాట్లయింది. ఇంటి స్థలాల కోసం కార్మికులు ఏళ్లపాటు ధర్నాలు చేశారు.

ఇప్పుడు అడగాల్సింది

నగరం మధ్యలో మూతపడ్డ ఫ్యాక్టరీ నేలను అలాగే ఉంచాలని నేననడం లేదు. దుమ్ము పట్టిన షెడ్డు ఎవరికీ అన్నం పెట్టదు. అమ్మండి, మార్చండి. కానీ ముంబై చూపించింది ఏమిటంటే, శాతాలు ఎంత ఉదారంగా ఉన్నా అవి దేనిలో శాతాలో తేలకపోతే ప్రజలకు మిగిలేది సున్నాకు దగ్గర.

కాబట్టి హైదరాబాద్ విషయంలో మూడు సంగతులు రాతపూర్వకంగా కావాలి. ఒకటి, ప్రజల వాటా మొత్తం నేల మీద లెక్కించాలి, మిగిలిన ఖాళీ మీద కాదు. రెండు, ఆ వాటా ప్రభుత్వం వసూలు చేసే మార్పిడి రుసుము రూపంలోనే కాకుండా నేల రూపంలో కూడా ఉండాలి. ఖజానాలో పడ్డ రుసుము దేనికైనా ఖర్చవుతుంది, పార్కుగా మారిన ఎకరం మాత్రం అక్కడే ఉంటుంది. మూడు, అక్కడ పనిచేసినవాళ్లకు ఇళ్లిస్తామంటే ఎక్కడ, ఎప్పటిలోగా అన్నది భూమి మార్పిడికి ముందే తేలాలి, తర్వాత లాటరీలో కాదు.

ఎకరం ఎంత పలికిందో పత్రికలు మొదటి పేజీలోనే రాస్తాయి. అది చదివి సంబరపడే ముందు మీ కార్పొరేటర్‌ను, ఎమ్మెల్యేను అడగండి: ఇందులో మా వాటా ఎన్ని ఎకరాలు, ఏ సర్వే నంబరులో? ఆ జవాబు ప్రభుత్వ ఉత్తర్వులో అంకెలుగా కనబడేవరకు ఏ ఫైలు మీదా సంతకం పడనివ్వకండి. పడ్డాక మార్చుకోవడం ఎంత కష్టమో ముంబై కార్మికులకు పాతికేళ్లుగా తెలుసు.