పొయ్యికి సెలవు.. పిఠాకు కొలువు!

రజ మూడు రోజులూ వంటిల్లు మూసే పండుగ.. తెలుగిళ్లకు పిఠా వచ్చింది, సెలవే ఇంకా రాలేదు

బరంపురం: జూన్ రెండో వారం వచ్చిందంటే కిరాణా కొట్లలో బెల్లం, మినపగుళ్లు, యాలకులు, కొబ్బరికాయలకు గిరాకీ మొదలవుతుంది. బయట చూస్తే వాన ఊసు ఉండదు. ఒకటే ఉక్కపోత. పొయ్యి దగ్గర పది నిమిషాలు నిలబడితే చీర చెంగు తడిసిపోతుంది. ఇలాంటి రోజుల్లో రాత్రంతా నిప్పుల మీద రొట్టె కాల్చే పని ఎందుకు పెట్టుకున్నారా అని కొత్తగా వచ్చినవాళ్లు విస్తుపోతారు. సంగతి తెలియాలంటే మర్నాడు చూడాలి. ఆచారం ప్రకారం మర్నాటి నుంచి మూడు రోజులు ఆ ఇంట్లో రుబ్బడం లేదు, తరగడం లేదు, వండటం లేదు. ఆడపిల్లలు కొత్త బట్టలు కట్టి, కాళ్లకు పారాణి పెట్టి, నోట్లో పాన్ వేసుకుని ఉయ్యాలల మీదకు, స్నేహితురాళ్లతో బజారుకు వెళ్లిపోతారు. ఇంట్లో ఆకలేసిన వాళ్లకు ముందురోజు రాత్రి కాల్చిన నల్లటి రొట్టే దిక్కు. దాని పేరు పోడొ పిఠా. పండుగ పేరు రజ, ఒడియా వాళ్ల నోట రొజొ.

రజస్వల అన్న మాట నుంచే ఈ పేరు వచ్చిందని చెబుతారు. తొలకరికి ముందు భూమాత మూడు రోజులు బయట ఉంటుందని నమ్మకం. అందుకే నాగలి కట్టరు, నేల తవ్వరు. పట్టింపు ఉన్నవాళ్లు వట్టి కాళ్లతో నేల మీద నడవరు కూడా. ముందురోజు సజబజ, అంటే సన్నాహాలు. మొదటి రోజు పహిలి రజ, రెండో రోజు మిథున సంక్రాంతి, మూడో రోజు బాసి రజ. నాలుగో రోజు వసుమతి స్నానం. ఆ రోజున నూరుడు రాయినే భూమాతగా భావించి పసుపు పూసి స్నానం చేయిస్తారు. మూడు రోజులు ముట్టుకోని రాయికి నాలుగో రోజు పూజ చేసి మళ్లీ పనిలో పెడతారన్నమాట.

మన దిబ్బరొట్టెకు అక్క!

బరంపురం తెలుగిళ్లకు ఈ వంట పరాయిదేమీ కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడే దాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోని జిల్లానే. ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి కూడా అందులోనివే. గీత గీశాక బరంపురం అటు పోయింది, ఇచ్ఛాపురం ఇటు మిగిలింది. మధ్య దూరం సుమారు 25 కిలోమీటర్లు. రాష్ట్రపతిగా పనిచేసిన వి.వి.గిరి 1894లో పుట్టింది ఈ బరంపురంలోనే. గీత కాగితాల మీద పడింది కానీ వంటింట్లో పడలేదు.

బియ్యం, మినప్పప్పు నానబెట్టి రుబ్బి, కాస్త పులియబెట్టి, మందపాటి గిన్నెలో వేసి, మూత పెట్టి సన్నని సెగ మీద కాల్చడం.. ఇదే కదా మన దిబ్బరొట్టె. కుంపటి మీద మూకుడు పెట్టి, మూత మీదా నాలుగు నిప్పులు వేసిన అమ్మమ్మలను చూసినవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పోడొ పిఠా కూడా అంతే. కింద నిప్పులు, పైన నిప్పులు. తేడా ఏమిటంటే మన రొట్టె ఆవకాయ కోసమో, పానకం కోసమో ఎదురు చూస్తుంది. పిఠాలో తీపి లోపలే ఉంటుంది. బెల్లం, కొబ్బరి ముక్కలు, యాలకులు, మిరియాలు, జీడిపప్పు కలిపి, నెయ్యి రాసిన అరటాకులో చుట్టి కాలుస్తారు. జీడిపప్పుకు పలాస దగ్గరే కాబట్టి బరంపురం పిఠాలో చేతికి ఎముక లేనట్టు వేసే ఇళ్లూ ఉన్నాయి.

పోడొ అంటే కాలినది, మాడినది అని అర్థం. మన ఇళ్లలో మాడితే తిట్లు పడతాయి. ఇక్కడ మాడు లేకపోతే పడతాయి. బెల్లం సన్నని సెగకు గంటల తరబడి మగ్గి అంచుల్లో నల్లగా పట్టుకుంటుంది. ఆ చేదు తీపి కోసమే పిల్లలు మూల ముక్కకు కొట్టుకుంటారు. పైగా ఆ గట్టి అంచే పిఠాను కాపాడుతుంది. రాత్రంతా నిప్పుల మీద ఉండటంతో తడి చాలావరకు పోతుంది. పిఠా జూన్ ఉక్కలోనూ మూడు రోజులు నిలవడానికి కారణం అదే. రుచి కోసం పుట్టిన వంట కాదేమో, ఆడవాళ్లు మూడు రోజులు పొయ్యి జోలికి వెళ్లకుండా ఉండటానికి పుట్టిన వంట అనిపిస్తుంది.

పొరుగు జిల్లా నయాగఢ్‌లోని దసపల్లాది మరో కథ. మిగిలిపోయిన ఛెనాలో, అంటే పాల విరుగుడు ముద్దలో, చక్కెర కలిపి వేడి ఆరని పొయ్యిలో వదిలేస్తే తెల్లారేసరికి ఛెనా పోడొ తయారైందట. ఆ ఘనత సుదర్శన్ సాహు అనే మిఠాయి వ్యాపారిదని చెబుతారు. ఆయన పుట్టినరోజు ఏప్రిల్ 11ను 2022 నుంచి ప్రపంచ ఛెనా పోడొ దినంగా జరుపుతున్నారు. ఛెనా పోడొ కొట్లో కొనేది, పోడొ పిఠా ఇంట్లో కాల్చేది. బరంపురంలో ఎవరినడిగినా ఈ తేడా మాత్రం గట్టిగా చెబుతారు.

కుక్కర్ కేకుల వేసవి

కట్టెల పొయ్యిలు పోయాక పిఠా కుక్కర్‌లోకి మారింది. విజిల్ తీసేసి, అడుగున ఇసుకో ఉప్పో పోసి, దాని మీద గిన్నె దించి కాల్చే పద్ధతి అందరికీ తెలిసిందే. ఓటీజీ ఉన్నవాళ్లు 180 డిగ్రీల దగ్గర 50 నిమిషాలో గంటో పెడుతున్నారు. బెల్లం త్వరగా రంగు తిరుగుతుంది కాబట్టి సగంలో పైన అరటాకు కప్పకపోతే పైన బొగ్గు, లోపల పిండి.

2020 వేసవిని బరంపురం మరిచిపోలేదు. సూరత్ మగ్గాల నుంచి గంజాం కూలీలు వేలకు వేలు ఇళ్లకు తిరిగొచ్చిన వేసవి అది. బేకరీలు మూతపడ్డాయి. పుట్టినరోజులు మాత్రం ఆగవు కదా! బిస్కెట్లు పొడి చేసి, పాలు పోసి, కుక్కర్‌లో కేకులు కాల్చడం చిన్నాపెద్దా అందరూ నేర్చారు. ఆ జూన్‌లో గంజాంతో సహా 11 జిల్లాల్లో శని, ఆదివారాలు పూర్తి షట్‌డౌన్ విధించారు. జూన్ 14 ఆదివారం. రజ సరిగ్గా అందులో పడింది. ఉయ్యాల లేదు, బజారు లేదు. పిఠా కాల్చి ఇంట్లోనే కూర్చున్న రజ అది. సగం పండుగే జరిగినట్టయింది. కాల్చడం ఒక సగమైతే బయటకు వెళ్లడం రెండో సగం.

‘చాల్ జిబా’ అంటే చాలు..

ఆ రెండో సగం బరంపురం సాయంత్రాల్లో కనిపిస్తుంది. ఎండ చల్లారాక గిరి రోడ్డు, గేట్ బజార్ వైపు అమ్మాయిల గుంపులు బయల్దేరతాయి. ‘చాల్ జిబా’ అని ఒడియాలో పిలుపు, ‘ఉండవే, చెప్పులేసుకుని వస్తా’ అని తెలుగులో జవాబు. ఎవరు ఏ భాషలో మొదలెట్టారో వాళ్లకే తెలియదు. గుప్‌చుప్ బండి దగ్గర ఆగుతారు. ఇచ్ఛాపురం దాటితే అదే పానీపూరీ. పొద్దున్నే అయితే పూరీ, ఉప్మా ఒకే ఆకులో పెట్టించుకుని తినడం ఈ ఊరి అలవాటు. విజయవాడ నుంచి వచ్చిన చుట్టాలు అదేం జోడీ అని నవ్వుతారు, రెండోసారి వాళ్లే అడిగి పెట్టించుకుంటారు. స్కూటీ ఉంటే గోపాలపూర్ దాకా షికారు. ఇక్కడికి సుమారు 15 కిలోమీటర్లు. సముద్రం గాలికి వేయించిన చేప, రొయ్య.

రజ రోజుల్లో ఈ తిరుగుడుకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. అదే అసలు తేడా. మామూలు రోజుల్లో ‘ఎక్కడికి, ఎవరితో, ఎప్పుడొస్తావ్’ అని అడిగే ఇంట్లోనే ఆ మూడు రోజులు అడగరు. ఉయ్యాలల్లోనూ రకాలున్నాయి. రామ దోలి, చర్కి దోలి, పట దోలి, దండి దోలి. మనకూ అట్లతద్ది ఉయ్యాల ఉంది, గోరింటాకు ఉంది. కానీ అట్లతద్దికి ఆడవాళ్లు పగలంతా ఉపవాసం ఉండి, సాయంత్రం అట్లు పోసి, చంద్రుణ్ని చూశాక తినాలి. ఆ నోము మంచి మొగుడి కోసం. రజలో నోమూ లేదు, పస్తూ లేదు. పనిలేకుండా తిని తిరగడమే ఆచారం. పోల్చి చూస్తే ఒడియా అమ్మాయిలదే పైచేయి అని ఒప్పుకోవాలి.

పిఠా సరే.. సెలవేదీ?

చిక్కంతా ఇక్కడే ఉంది. పొరుగింటి మావుసీ పంపిన పిఠా ముక్క తెలుగింటికి రావడం, వీళ్ల ఆవకాయ గిన్నె అటు వెళ్లడం ఎప్పటి నుంచో ఉంది. ఇప్పుడు కాల్చే తెలుగు ఇళ్లూ ఉన్నాయి. కాల్చి, పిల్లలకు పెట్టి, అదే రోజు మధ్యాహ్నం అన్నం, పప్పు, కూర వండే అమ్మలూ అక్కడే ఉన్నారు. పిఠాను మన పండుగ పిండివంటల్లో మరొకటిగా కలిపేసుకున్నాం. దాని వల్ల అమ్మకు పని తగ్గాల్సింది పోయి ఒకటి పెరిగింది. మూడు రోజులు వండకూడదన్న మాట చెవిన పడనట్టే ఉన్నాం.

ఒడియా ఇళ్లన్నీ ఆదర్శమని కాదు. రజలో భూమాత బయట ఉంటే ఊరంతా ఊగుతుంది, తింటుంది. అదే ఇంటి అమ్మాయి నెలలో బయట ఉంటే దేవుడి గదిలోకి, వంటింట్లోకి రావద్దనే ఇళ్లు రెండు భాషల్లోనూ ఉన్నాయి. నేలకు ఇచ్చిన గౌరవం అమ్మాయికి ఎందుకు లేదన్న ప్రశ్న పదో తరగతి పిల్లలే వేస్తున్నారు. పెద్దల దగ్గర సూటి సమాధానం లేదు. ‘అది వేరు, ఇది వేరు’ అని మాట మార్చేస్తారు.

ఇప్పుడు పిఠా కూడా కొనుక్కోవచ్చు. ఒడిశా పర్యాటక అభివృద్ధి సంస్థ 2020లో భువనేశ్వర్‌లో పిఠాల బండ్లను వీధుల్లో తిప్పింది. మిఠాయి కొట్లూ పండుగకు పెడుతున్నాయి. కొన్నది తింటే పండుగ కాదని పెదవి విరిచేవాళ్లున్నారు. నిజానికి పిఠా పుట్టిందే పొయ్యికి సెలవు కోసమైతే, కొనడంలో తప్పు పట్టాల్సిందేమీ కనిపించదు. ఇంట్లో కాల్చుకోవాలనుకునేవాళ్లకు కొలత సులువే. రెండు గ్లాసుల బియ్యానికి గ్లాసు మినప్పప్పు, గ్లాసున్నర తురిమిన బెల్లం. పిండి ఇడ్లీ పిండి కన్నా కాస్త గట్టిగా ఉండాలి. పుల్ల గుచ్చి తీస్తే పిండి అంటకూడదు. వేడి మీద కోయకూడదు, చల్లారితేనే ముక్క నిలుస్తుంది. మిగిలితే మర్నాడు పెనం మీద నేతిలో దోరగా వేయిస్తే మొదటి రోజు కన్నా బాగుంటుంది. ఆ పెనం మాత్రం నాలుగో రోజున పెట్టుకోవాలి.

పహిలి రజ సాధారణంగా జూన్ 14న వస్తుంది. కాల్చేది 13 రాత్రి కాబట్టి బియ్యం, పప్పు 12 సాయంత్రానికి నానాలి. ఈసారి రుబ్బేది ఎవరో, ఆ మూడు రోజులు పిల్లలకు, నాన్నలకు భోజనం ఎక్కడో ఆలోగా ఇంట్లో తేల్చుకోవచ్చు.