లవ్‌బర్డ్స్ పెంపకము: పంజరములో పోరు రాకుండ

మన పాఠశాల పిల్లల ఇండ్లలో పక్షులను పెంచు వేడుక కనబడుచున్నది. బిడ్డ మారాము చేయగా అంగడినుండి లవ్‌బర్డ్స్ తెచ్చి యిచ్చు తల్లిదండ్రులు పలువురు. పేరులో ప్రేమ యున్నది గదా యని దొరికిన పక్షులనెల్ల ఒకే పంజరమున నుంచినచో, తెగిన కాలివ్రేళ్లను, ఒక్కొక్కప్పుడు చచ్చిన పక్షిని బిడ్డ చూడవలసి వచ్చును. ఆ దుఃఖము కలుగకుండుటకై ఈ నాలుగు మాటలు విన్నవించుచున్నాము.

మొదట పేరు సంగతి. అంగళ్లలో లవ్‌బర్డ్స్ అను పేరుతో రెండు వేర్వేరు పక్షులను అమ్ముదురు. చవుకగా దొరకునది తరచుగా ఆస్ట్రేలియా దేశపు బడ్జరిగార్. అది సన్నగా, పొడవైన తోకతో నుండును. అసలు లవ్‌బర్డ్ ఆఫ్రికా ఖండపుది. పొట్టి తోక, బలమైన ముక్కు గలది. బడ్జరిగార్ సాధువు; ఆఫ్రికా పక్షి కాటునకు ఎదురు నిలువజాలదు. ఈ రెంటిని ఎన్నడును కలుపరాదు. రామచిలుకను వీటితో చేర్చుట మాట యటుంచి, దానిని పెంచుటయే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు విరుద్ధము.

లవ్‌బర్డ్స్ అడవిలో గుంపులుగా తిరుగును. అక్కడను కలహములు కలవు. కాని ఓడినది ఎగిరిపోవును. పంజరములో ఓడినదానికి పోవుటకు చోటు లేదు. గాయములకు మూలమిదియే. కావున పంజరమునకు ఎత్తుకన్న పొడవు ముఖ్యము. ఒక జతకు 3 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు ఉండిన మేలు. ఊచల నడుమ సందు అర అంగుళము మించరాదు. మేతకు రెండు, నీటికి రెండు గిన్నెలను రెండు కొసల నుంచినచో ఒకటి మఱొకదానిని అడ్డగింపజాలదు.

గ్రుడ్లు పెట్టించు ఉద్దేశము లేనిచో గూటి కుండను కట్టరాదు. కుండ కనబడగనే ఆడుపక్షి దానిని తనదిగా నెంచి, దరికి వచ్చినదానినెల్ల పొడుచును. మూడు పక్షులను కలిపి యుంచుటయు తగదు. రెండు జతకూడి మూడవదానిని తరుముట సాధారణము.

క్రొత్త పక్షిని తెచ్చిననాడే పాతదానితో కలుపరాదు. రోగభయము తీరుటకు 30 దినములు వేరొక గదిలో నుంచవలెను. పిదప రెండు పంజరములను ప్రక్కప్రక్కన, ముక్కులు అందని దూరమున, ఒకటి రెండు వారములు ఉంచవలెను. తరువాత కఱ్ఱలను, గిన్నెలను స్థానము మార్చి సర్దిన పంజరములో రెంటిని ఒకేసారి విడువవలెను. ఇది ఆదివారము చేసినచో దినమంతయు కనిపెట్టి యుండవచ్చును.

అరచుకొనుట, ముక్కు తెరచి బెదరించుట అంత భయపడదగినవి కావు. నెత్తురు కనబడినను, ఒకటి మేతకు రాక మూల కూర్చుండినను, రేపు చూతమనక ఆ క్షణమే విడదీయవలెను. గాయపడినదానిని పశువైద్యునికి చూపవలెను.

ప్రతి ఉదయము మేత మార్చునపుడు పక్షుల కాలివ్రేళ్లను, రెక్కలను పరికించు పనిని మీరు దగ్గరనుండి బిడ్డచేతనే చేయింపుడు. నోరులేని ప్రాణి బాధను కనిపెట్టుట దానివలన అలవడును.