ఒకే నేల, రెండు శైలులు: తోట వైకుంఠం, కె. లక్ష్మాగౌడ్

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగం చదివిన తరువాత మీరు:
• చిత్రకళలో 'శైలి' అంటే ఏమిటో ఉదాహరణలతో వివరించగలుగుతారు.
• ఇద్దరు సమకాలీన తెలుగు చిత్రకారులను పోల్చి రాయగలుగుతారు.
• ప్రదర్శనశాలలో చిత్రం ముందు నిలబడి ఏమేమి గమనించాలో చెప్పగలుగుతారు.

ప్రస్తావన

చిత్రకళా ప్రదర్శనల్లో ఇద్దరి చిత్రాలను ఒకే గదిలో ఎదురెదురుగా ఉంచే పద్ధతి ఉంది. ఒక్కరి చిత్రాలే చూస్తే, ఆ విషయాన్ని అలాగే చిత్రించాలి కాబోలు అనిపిస్తుంది. పక్కన రెండవవారి చిత్రం ఉన్నప్పుడే, అదే విషయాన్ని మరోలా కూడా చూడవచ్చునని తెలుస్తుంది. మందమర్రిలోనో గోదావరిఖనిలోనో పనిచేసుకుంటూ చదువుతున్న మీలో చాలామంది ఇంతవరకు ఆర్ట్ గ్యాలరీలో అడుగుపెట్టి ఉండకపోవచ్చు. "అవి మనకు అర్థం కావులే" అనే సంకోచమూ ఉండవచ్చు. అందుకే ఇక్కడ మీకు తెలిసిన మనుషులనే చిత్రించిన ఇద్దరిని తీసుకుందాం.

ఇద్దరి నేపథ్యం

కె. లక్ష్మాగౌడ్ 1940లో మెదక్ జిల్లా నిజాంపూర్‌లో, తోట వైకుంఠం 1942లో కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో జన్మించారు. ఇద్దరూ హైదరాబాద్‌లో చిత్రకళ నేర్చుకున్నారు. తరువాత ఇద్దరూ బరోడా వెళ్ళి మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయంలో కె.జి. సుబ్రహ్మణ్యన్ వద్ద చదువుకున్నారు. ప్రాంతం, తరం, గురువు, చిత్రవస్తువు అన్నీ దాదాపు ఒకటే. అయినా వారి చిత్రాలను పక్కపక్కన పెడితే ఎవరిది ఏదో చిన్నపిల్లలు కూడా చెప్పగలరు. ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చింది?

వైకుంఠం: రంగు, నిండుదనం

వైకుంఠం చిత్రాల్లో ఎక్కువగా కనిపించేది తెలంగాణ స్త్రీ. నల్లని మేనిఛాయ, నుదుట పెద్ద బొట్టు, కొప్పులో పూలు, చేతినిండా గాజులు, పక్కన ఒక్కోసారి చిలుక. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ వంటి రంగులు కలగాపులగం కాకుండా ముదురుగా, విడివిడిగా నిలుస్తాయి. వెనుక ఇల్లు, వాకిలి, చెట్టు వంటి వివరాలు తక్కువ. కాన్వాసును మనిషే నింపేస్తుంది. అందువల్ల ఆమె మన ఎదుట దర్జాగా కూర్చున్నట్టు అనిపిస్తుంది.

ఇది పల్లె కష్టం తెలియనివారు వేసిన బొమ్మ అనుకుంటే పొరపాటు. బి. నర్సింగరావు దర్శకత్వం వహించిన 'దాసి' (1988) సినిమాకు వైకుంఠమే కళాదర్శకుడు. ఆ పనికి ఆయనకు జాతీయ పురస్కారం వచ్చింది. అది దొర గడీలో మగ్గిపోయిన దాసి కథ. అంటే ఆ నేల మీది అణచివేత ఆయనకు తెలుసు. తెలిసి కూడా కాన్వాసు మీద స్త్రీకి గౌరవాన్ని, నిండుదనాన్ని ఇచ్చారు. అది ఆయన ఎంపిక.

లక్ష్మాగౌడ్: గీత, కదలిక

లక్ష్మాగౌడ్‌కు ముందుగా పేరు తెచ్చినవి నలుపు తెలుపు ఎచింగులు. ఎచింగ్ పద్ధతి ఇది: లోహపు పలక మీద మైనం వంటి పూత పూస్తారు. ఆ పూత మీద సూదితో గీస్తారు. పలకను ఆమ్లంలో ముంచితే పూత పోయినచోట మాత్రమే లోహం తినివేయబడి గీత లోతుగా పడుతుంది. ఆ గీతల్లో సిరా నింపి, తడి కాగితం వేసి ప్రెస్‌లో నొక్కుతారు. బొమ్మ కుడి ఎడమలు తారుమారై కాగితం మీద అచ్చవుతుంది. ఒకే పలక నుంచి అనేక ప్రతులు తీయవచ్చు. ప్రదర్శనలో ముద్రణచిత్రం కింద పెన్సిలుతో 3/25 అని ఉంటే, అది 25 ప్రతుల్లో మూడవదని అర్థం.

ఆ సన్నని గీతలతో ఆయన స్త్రీపురుషులను, మేకలను, చెట్లను ఒకదానిలో ఒకటి అల్లుకున్నట్టు గీశారు. పట్నపు మధ్యతరగతి దాచిపెట్టే దేహవాంఛ ఆయన పల్లెలో దాపరికం లేకుండా కనిపిస్తుంది. చూసేవారికి కొంత ఇబ్బంది కలగవచ్చు. ఆ ఇబ్బంది కూడా చిత్రానుభవంలో భాగమే. తరువాతి కాలంలో ఆయన రంగుల్లోనూ, శిల్పంలోనూ పనిచేశారు. 2016లో పద్మశ్రీ అందుకున్నారు.

పోలిక: శైలి అంటే ఏమిటి?

"ఇద్దరూ పల్లె జీవితాన్ని చిత్రించారు" అని పరీక్షలో రాస్తే అది సగం జవాబే. వైకుంఠం స్త్రీ మనకు మర్యాద నేర్పుతుంది. లక్ష్మాగౌడ్ మనుషులు మన మర్యాదనే ప్రశ్నిస్తారు. కాబట్టి శైలి అంటే చేతివాటం మాత్రమే కాదు. ఏది చూపాలి, ఏది వదలాలి, దానికి ఏ సాధనం తగినది అనే నిర్ణయాల మొత్తమే శైలి. ఒక చిత్రాన్ని చూసి "మా ఊరు అచ్చం ఇలాగే ఉంటుంది" అనేముందు, ఇందులో వదిలేసినది ఏమిటని అడగండి.

ఈ ఇద్దరి పల్లె ప్రధానంగా సాగునేల పల్లె. షిఫ్టు సైరను, బొగ్గు టబ్బు, తలదీపం, కార్మికవాడ ఉన్న ఊరు మీది. దానిని ముదురు రంగుల్లో నిండుగా నిలపాలా, సన్నని గీతల్లో చిక్కుముడిగా చూపాలా? రెండింటిలో ఏది ఎంచుకున్నా మీ మనుషుల గురించి ఒక మాట చెప్పినట్టే అవుతుంది. ఒక చిన్న వివరం: వైకుంఠం కాగితం మీద బొగ్గుతో కూడా బొమ్మలు వేశారు. కానీ చిత్రకారులు వాడేది గాలి తగలకుండా కాల్చిన కట్టెబొగ్గు. అది గనిలో దొరికే రాక్షసిబొగ్గు కాదు.

అభ్యాసం

1. ఇద్దరి చిత్రాలు ఒక్కొక్కటి ఫోనులో పక్కపక్కన పెట్టి, రంగు, గీత, నేపథ్యం, చూపు అనే నాలుగు అంశాల్లో పోల్చండి. ఫోనులో చిత్రం అసలు కొలత తెలియదు. కనుక చిత్రం కింద ఇచ్చిన కొలతలు చదివి, అంత పరిమాణాన్ని గోడ మీద చేతులతో కొలిచి చూడండి.
2. హైదరాబాద్ వెళ్ళినప్పుడు మాదాపూర్‌లోని స్టేట్ ఆర్ట్ గ్యాలరీని చూడండి. అక్కడ ఒక్క చిత్రం ముందు పది నిమిషాలు నిలబడి, కనిపించినవి ముందు రాయండి, అనిపించినవి తరువాత రాయండి.
3. "చిత్రవస్తువు ఒకటైనంత మాత్రాన శైలి ఒకటి కాదు." ఈ వాక్యాన్ని పదిహేను పంక్తుల్లో వివరించండి.