పిల్లల రాకెట్టు బొమ్మకు తగిన జిగురు

సెలవుదినములలో మన బాలబాలికలు కాగితపు గొట్టముతోను, తేలికకఱ్ఱ రెక్కలతోను రాకెట్టు బొమ్మలు చేయ నుత్సహించుచున్నారు. చేతికి దొరకిన జిగురుతో సరిపుచ్చుట తగదు. పైకి లేచునపుడు రెక్క యొకటి యూడెనేని బొమ్మ దారి తప్పి చూచువారి మీదికే రావచ్చును.

మా రెడ్డిగూడెమునకు మిక్కిలి దూరముగాని కొండపల్లిలో బొమ్మలు చేయువారు తెల్లపొణికి కఱ్ఱతో కాలుసేతులు వేఱువేఱుగ చెక్కి, చింతగింజల పిండియు ఱంపపుపొట్టును గలిపిన మక్కుతో నతుకుదురు. బొమ్మలకొలువులో నిలుచు బొమ్మకది చక్కగ చాలును. కాని పిండిజిగురులు తేమకు మెత్తబడును గాన నెగురు బొమ్మకు నేనొప్పుకొనను. తుమ్మబంకయు నట్టిదే.

కాగితమునకును కఱ్ఱకును వడ్రంగులు వాడు తెల్లజిగురే మేలు. అది పోగులలోని కింకి గట్టిపడును. అతుకవలసిన రెండు ముఖములకును పలుచగ పూసి, కొంచె మాఱనిచ్చి, మరల పూసి యదుమవలెను. అది పట్టిన పిదప రెక్క మొదట నిరుప్రక్కలను మరికొంత జిగురు వ్రేలితో సన్నని గట్టువలె దిద్ది, రాత్రియంతయు కదపరాదు. తొందర గల పిల్లలకిదియే కష్టము! ప్లాస్టిక్కు ముక్కునకు మాత్రమీ జిగురు పట్టదు; దానికి ప్లాస్టిక్కు జిగురు వేఱుగ గలదు.

కరగించి పోయు జిగురు మందుగొట్టపు వేడికి మెత్తబడును. క్షణములో పట్టు జిగురు పెళుసు. వ్రేళ్ల నంటించును, నూలుగుడ్డపై నొలికిన వేడెక్కి చర్మమును గాల్చగలదు. దానిని పెద్దలే తాకవలెను. ఇంట మందు గూరుట కెన్నడును సమ్మతింపకుడు. కర్మాగారమున మూసిన గొట్టమునే, తెలిసిన పెద్దల యెదుట, అనుమతిగల బయలున వాడింపుడు.